మంగళవారం హాజరు

మస్కట్ అవతల ఇబ్రా క్యాంపులో నాకు రెండు ఉద్యోగాలుండేవి. ఒకటి కంపెనీ ఇచ్చింది, టైమ్‌కీపర్. రెండోది మా రూమ్ వాళ్ళు ఇచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఇంగ్లీషు సినిమా పెడితే పక్కన కూర్చుని తెలుగులో కథ చెప్పాలి. ఉన్నమాట చెప్పాలంటే నాకు ఈ రెండోదే ఇష్టం. కరీంనగర్‌లో ఇంటర్ రెండుసార్లు తప్పినవాణ్ణి. అలాంటివాణ్ణి పట్టుకుని పన్నెండు మంది మగాళ్ళు "అన్నకు ఇంగ్లీషు మంచిగొస్తది" అని నోళ్ళు తెరుచుకుని కూర్చుంటే ఎవడికి మాత్రం తలకెక్కదు! నాకైతే బాగానే ఎక్కింది.

ఎనభైలు అయిపోయి తొంభైలు మొదలైన రోజులవి. ఊరి బయట ఏదో బడి కడుతున్నాం. టీవీ, వీసీఆర్ రూమంతా కలిసి కొన్నవే. క్యాసెట్లకే కరువు. హిందీ సినిమాలు ఎవరైనా మస్కట్ వెళ్ళొస్తే రావాలి, వచ్చినవి అరిగిపోయేదాకా చూడాలి. అలాంటప్పుడు సైట్‌లో ఉన్న ఇంగ్లండ్ ఇంజనీరు పూర్తిగా వాళ్ళ దేశం వెళ్ళిపోతూ ఒక అట్టపెట్టె నిండా క్యాసెట్లు నా చేతిలో పెట్టాడు. సగం గుర్రప్పందాలూ ఫుట్‌బాల్ ఆటలూ. మిగిలిన వాటిలో ఒకటి బాగా పాతకాలపు తెలుపు నలుపు సినిమా.

అందులో పాట లేదు, ఫైటు లేదు. ఎంతసేపూ వాన, పొగమంచు, పొడుగు కోట్లూ టోపీలూ వేసుకున్న మగవాళ్ళు. గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన దగ్గర పద్దెనిమిదేళ్ళ పోరడు పని చేస్తుంటాడు. ఒకరోజు పొద్దున కొట్టు తెరవడానికి వస్తే ముసలాయన చచ్చి పడి ఉంటాడు. పిల్లవాడు భయపడి పరుగు తీస్తాడు. పరుగు తీశాడు కాబట్టి చంపింది వాడేనని అందరూ తీర్మానిస్తారు. రైల్వే స్టేషన్‌లో పట్టుకుంటారు, కోర్టులో నిలబెడతారు, తల్లి ఒక్కతే వాడి తరఫున ఊరంతా తిరుగుతుంది. తెల్ల విగ్గు పెట్టుకున్న జడ్జి కనబడగానే మా పెద్ద మేస్త్రి కాక "గా ముసలామె ఎవలురా?" అని అడిగాడు. రూమంతా పడీ పడీ నవ్వింది.

వాళ్ళ మాట నాకు రూపాయిలో అర్ధరూపాయి కూడా అందలేదు. నోట్లో మాట నోట్లోనే నమిలి మింగుతారు మహానుభావులు. అయినా నేను ఆగలేదు. పోలీసాయన్ని ఎస్సైని చేశాను, జైలును వరంగల్ జైలు చేశాను, తల్లి చేత మా అమ్మ తిట్టే తిట్లన్నీ తిట్టించాను. మావాళ్ళు ఆ పిల్లవాణ్ణి సొంత తమ్ముడిలా చూస్తున్నారు.

చివర్లో ఏమవుతుందంటే, పొద్దున్నే జైలు గేటు ముందు జనం నిలబడి ఉంటారు. అందులో తల్లి కూడా ఉంటుంది. లోపల్నుంచి ఒక జవాను వచ్చి గేటుకు చిన్న కాగితం తగిలిస్తాడు. మగవాళ్ళు టోపీలు తీస్తారు. తల్లి దగ్గరికి వెళ్ళి చదివి, గేటు పట్టుకుని ఏడుస్తుంది. అసలు హంతకుడు అదే గుంపులోంచి సిగరెట్ వెలిగించుకుని వెళ్ళిపోతాడు. అంతే, అయిపోయింది. కాగితాన్ని తెర నిండా చూపించారు కాబట్టి ఆ నాలుగు ముక్కలు మాత్రం నాకు చక్కగా అర్థమయ్యాయి. ఉరి తీశామని రాశారు.

కాక రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. టీవీకి అందరికంటే దగ్గరగా మా పక్క ఊరి పిల్లవాడు కూర్చునేవాడు. ఇరవై ఏళ్ళుంటాయి, మేస్త్రీల దగ్గర హెల్పర్. వాడు వెనక్కి తిరిగి, "అన్నా, ఏం రాసిండ్రే కాయితంల?" అని అడిగాడు.

ఆ మొహం చూసి ఉరి అని చెప్పబుద్ధి కాలేదు. వారంలో ఒక్కటే సెలవు, ఆ ఒక్క పూటా వీళ్ళను ఏడిపించి పడుకోబెట్టాలా అనిపించింది. "ఇడిసిపెట్టిండ్రు తమ్మీ, తప్పు జెయ్యలేదని తేలింది. తల్లి సంబురానికి ఏడుస్తున్నది" అన్నాను.

"మరి టోపీలు ఎందుకు తీసిండ్రే?"

"న్యాయం గెలిచింది గదరా, దండం పెడుతున్నరు."

ఒకడు ఈల వేశాడు. కాక కళ్ళు తుడుచుకుని "ఉరికినందుకే గాదురా వానికి గింత కష్టం? తప్పు జెయ్యనోడు నిలబడాలె" అన్నాడు. నేనూ ఊరుకోకుండా, "అదే గద కాకా కథ. నిలబడి నిజం జెప్పిండు, బయటపడ్డడు" అని ముక్తాయించాను. లేని నీతిని కూడా నేనే కలిపాను.

ఇక నా అసలు ఉద్యోగం సంగతి చెప్పాలి. పొద్దున సైట్‌లో లైన్‌గా నిలబెట్టి హాజరు వేసుకునేది నేనే. ఎవరికైనా జ్వరమొస్తే క్లినిక్ చీటీ తేవాలని కంపెనీ రూల్. క్లినిక్‌కి వెళ్ళాలంటే బండి కావాలి, బండి ఇమ్మంటే ఫోర్‌మన్ కాట్ల కుక్కలా మీద పడేవాడు. చీటీ లేకుండా ఒకరోజు పడుకుంటే రెండు రోజుల జీతం కోత. అందుకని నేను పడుకున్నవాళ్ళకు కూడా హాజరు వేసేసేవాణ్ణి. వాళ్ళ పని పక్కవాళ్ళు సర్దుకునేవాళ్ళు. ఇది మా రూమ్‌లో కట్టుబాటు లాంటిది, పైకి ఎవరూ అనేవాళ్ళు కాదు. అలా నా చేతి మీద బతికిన జ్వరాలు ఎన్నో ఉన్నాయి.

ఆ సినిమా చూసిన తర్వాత మూడో వారం అనుకుంటాను, మంగళవారం, మా పక్క ఊరి పిల్లవాడికి జ్వరమొచ్చింది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. అందరూ డ్యూటీకి పోయారు. హాజరు వేసి, నేను కాగితాల పని మీద పది గంటలకు క్యాంపుకు తిరిగొచ్చి, వాడికి ఒక గోళీ ఇచ్చి, బ్రెడ్డు టీలో ముంచి తినిపించాను. మధ్యాహ్నం మళ్ళీ వెళ్ళి చూస్తే దుప్పటి ముసుగుపెట్టి మూలుగుతున్నాడు. సాయంత్రం దాకా మంచం దిగలేదు. రిజిస్టర్‌లో మాత్రం వాడు ఆ రోజు సైట్‌లో ఇటుకలు మోస్తున్నాడు.

బుధవారం ఆఫీసులో లెవల్ మెషీన్ కనబడలేదు. నేల ఎత్తుపల్లాలు చూసే యంత్రం అది, కంటికి పెట్టుకుని చూస్తారు. సోమవారం సాయంత్రం తన కళ్ళారా చూశానని ఫోర్‌మన్ అన్నాడు. అంటే పోయింది మంగళవారమే. ఆఫీసు తాళంచెవి ఇద్దరి దగ్గర ఉండేది. ఒకటి ఫోర్‌మన్ దగ్గర, రెండోది రోజూ పొద్దున ఆఫీసు ఊడ్చే ఈ పిల్లవాడి దగ్గర. వాణ్ణి పిలిచి నిలదీశారు. "మంగళారం నేను డ్యూటీకే రాలే సార్, జరమొచ్చి రూముల పన్న" అన్నాడు వాడు, అమాయకంగా.

ఫోర్‌మన్ నా టేబుల్ మీద నుంచి రిజిస్టర్ తీసి చూశాడు. హాజరు ఉంది. కింద నా సంతకం ఉంది. "దొంగతనం చెయ్యనివాడికి అబద్ధంతో ఏం పని?" అని హిందీలో అడిగాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను.

శనివారం పోలీసులకు కంప్లయింట్ ఇస్తానన్నాడు ఫోర్‌మన్. గురువారం సాయంత్రం రూమ్‌లో అందరం కూర్చున్నాం. కాక ఒక్కటే మాట పట్టుకున్నాడు. "రేపు కూరగాయల బండి పోతది. అండ్ల ఎక్కి మస్కట్ల మవాలే మార్కెట్‌కు పో. ఆడ నా అల్లుడు దుకాణంల ఉంటడు. నాలుగు నెలలు వాని రూముల మెల్లగ పడి ఉండు. అవుట్‌పాస్ దొరికితే ఇంటికి పోవచ్చు. షుర్తా పోలీసోళ్ళ చేతిల పడితే నీ మాట ఎవ్వడు ఇంటడురా?"

పిల్లవాడు తల అడ్డంగా ఊపాడు. "నేనెందుకు ఉరుకుతనే కాకా? ఉరికితే నేనే దొంగనని ఒప్పుకున్నట్టే గద. గా సినిమల సూడలే? నిలబడ్డంకనే గద వాన్ని ఇడిసిపెట్టింది." ఇంత చెప్పి నా వైపు చూసి నవ్వాడు. "నాకేం భయం? అన్న ఉన్నడు. గోళి ఇచ్చింది అన్ననే. వచ్చి చెప్తడు."

అందరూ నా వైపు తిరిగారు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. ఒరేయ్, ఆ సినిమాలో వాణ్ణి ఉరి తీశార్రా, కాగితంలో అదే రాశార్రా అని ఒక్క ముక్క అంటే వాడు పొద్దున్నే బండి ఎక్కేవాడు. కానీ పన్నెండు మంది ముందు నా కథలన్నీ బూటకమని ఒప్పుకోవాలి. సిగ్గేసింది. ఇంతటి విషయంలో ఆ ముష్టి సిగ్గు అడ్డొచ్చిందంటే ఇప్పుడు చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. "చెప్త తమ్మీ, ఎందుకు చెప్ప" అన్నాను.

అన్నప్పుడు నిజంగానే చెబుదామనే అనుకున్నాను. ఆ రెండు రోజులూ మనసులో హిందీలో వాక్యాలు కూర్చుకున్నాను కూడా. వీడికి జ్వరం, హాజరు నేనే వేశాను, తప్పు నాది. కూర్చుకున్నకొద్దీ ఆఖరి వాక్యం దగ్గర ఆగిపోయేవాణ్ణి. దొంగ హాజరు వేశానని నేనే ఒప్పుకుంటే మరునాడే నన్ను విమానం ఎక్కిస్తారు. ఇంటి దగ్గర పాప పుట్టి మూడు నెలలు. పైగా ఈ ఒక్క హాజరుతో ఆగదు, పాత పేజీలన్నీ తిరగేస్తారు, రూమంతా ఇరుక్కుంటుంది. పన్నెండు మంది కడుపు కొట్టడం న్యాయమా అని నాకు నేనే పెద్దమనిషిలా నచ్చజెప్పుకున్నాను. ఇదంతా సాకు. నేను భయపడింది నా ఒక్కడి కోసమే.

శనివారం పిల్లవాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం రిజిస్టర్ పట్టుకుని రమ్మని నన్నూ పిలిచారు. అక్కడి ఆఫీసర్ని తిట్టడానికి నాకు నోరు రాదు. కుర్చీ వేయించాడు, కావా అని వాళ్ళ కాఫీ ఇప్పించాడు, హిందీ వచ్చిన ఒకతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నిదానంగా అడిగాడు. ఈ పుస్తకం నువ్వే రాస్తావా? రాస్తాను. ఈ సంతకం నీదేనా? నాదే. మంగళవారం ఆ అబ్బాయి డ్యూటీలో ఉన్నాడా?

నేను కావా గిన్నె వైపు చూస్తున్నాను. "రిజిస్టర్‌లో ఉన్నదే నిజం సార్" అన్నాను.

ఆయన వెంటనే రాసుకోలేదు. పెన్ను పక్కన పెట్టి మళ్ళీ అడిగించాడు. "అతను ఆ రోజంతా జ్వరంతో రూమ్‌లో ఉన్నానంటున్నాడు. నువ్వే మందు ఇచ్చావంటున్నాడు. ఆలోచించుకుని చెప్పు, తొందరేం లేదు." ఇంతకంటే ఎవరైనా ఏం అవకాశం ఇస్తారు! మందు ఇచ్చింది ఇంకో రోజు అయి ఉంటుంది, అతనికి రోజు గుర్తులేదేమో అన్నాను. అప్పుడు రాసుకున్నాడు. కింద సంతకం పెట్టమంటే పెట్టాను.

రూమ్‌కి వచ్చాక కాక ఎదురొచ్చి, "చెప్పినవా?" అని అడిగాడు. "చెప్పిన, నమ్ముతలేరు" అన్నాను. ఆయన తలుపు దగ్గరే కూలబడిపోయాడు. తర్వాత తనే స్టేషన్‌కి వెళ్ళి, ఆ రోజు పిల్లవాడు సైట్‌లో లేడని వచ్చీరాని హిందీలో మొత్తుకున్నాడు. ఒక రూమ్ వాళ్ళు ఒకరి కోసం ఒకరు చెబుతారులే అని ఫోర్‌మన్ ఆఫీసర్‌కి నచ్చజెప్పాడు. అక్షరం రాని కాక మాటకీ నా సంతకానికీ పోటీ ఎక్కడిది?

యాభై రోజులు వాడు లోపలే ఉన్నాడు. మెషీన్ దొరకలేదు. ఏమైందో నాకు ఈనాటికీ తెలియదు. సినిమాలో కనీసం అసలు హంతకుడెవడో చూసేవాళ్ళకు చూపించారు, మాకు ఆ మాత్రం కూడా లేదు. చివరికి వీసా క్యాన్సిల్ చేసి, మళ్ళీ ఆ దేశంలో అడుగుపెట్టకుండా ముద్ర వేసి, ఇంటికి పంపుతున్నారని కబురొచ్చింది. వాడి బ్యాగు అందించడానికి స్టేషన్‌కి నేనే వెళ్ళాను. ఇంకెవరినైనా పంపొచ్చు, కాక వస్తానన్నాడు కూడా. కానీ కాకా వాడూ ఎదురుపడి మాట్లాడుకుంటే ఏం బయటపడుతుందోనని నేనే బయల్దేరాను.

వాడు బాగా చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. నన్ను చూడగానే చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అన్నా, నువ్వు చెప్పినవ్ గదా, నేను రూముల ఉన్నననీ?"

"చెప్పిన తమ్మీ."

"ఎన్నిసార్లు చెప్పినవే?"

"రెండుసార్లు అడిగిండ్రు. రెండుసార్లు చెప్పిన."

"అయినా నమ్మలేదా?"

"నమ్మలే."

వాడు నా భుజం తట్టి, "నువ్వేం జేస్తవే పాపం. నీ డ్యూటీ పైలం అన్నా" అన్నాడు. జైలు నుంచి వచ్చినవాడు నన్ను ఓదార్చాడు! ఆ రాత్రి నాకు తిండి సయించలేదని గొప్పగా చెప్పుకోవాలనుంది కానీ, ఆకలేసింది, తిన్నాను.

రెండేళ్ళకు నాకు సెలవొచ్చింది. నేను వచ్చానని ఎలా తెలిసిందో, నాలుగో రోజు పొద్దున్నే వాడు సైకిల్ మీద మా ఇంటికొచ్చాడు. ఊళ్ళో తనను "మస్కట్ దొంగ" అంటున్నారట. పనికి పిలిచినవాళ్ళు సాయంత్రం పలుగూ పారా లెక్కపెట్టుకుంటున్నారట. చిన్నప్పటి నుంచి అనుకున్న మేనమామ కూతురినిచ్చేది లేదని మామ ఖరాకండిగా చెప్పేశాడట. పిల్లకు మాత్రం వీడంటేనే ఇష్టమట. "అన్నా, నువ్వొక్కసారి మామతోని మాట్లాడు. ఆ దినం నేను రూముల ఉన్నననీ, నువ్వు పోలీసోళ్ళ ముంగట సాక్ష్యం చెప్పినవనీ నీ నోటితోని చెప్పు. నీ మాట ఇంటడు. ఇగ నాకు ఇంకెవ్వలున్నరు?"

కాదనడానికి నాకు దారి లేదు. సైకిల్ వెనక కూర్చుని వెళ్ళాను. వాళ్ళ మామ బస్సులు ఆగే చోట చిన్న చాయ్ హోటల్ నడుపుతున్నాడు. నేనెవరో చెప్పగానే మర్యాదగా బెంచీ తుడిచి, చాయ్ ఇచ్చి, ఎదురుగా కూర్చున్నాడు. అక్కడే ఇంకో నలుగురైదుగురు ఉన్నారు. నేను చెప్పాల్సిందంతా చెప్పాను. జ్వరం, గోళీ, టీలో బ్రెడ్డు, వాడు మంచం దిగకపోవడం. జీవితంలో మొదటిసారి ఆ కథ నిజంగా చెబుతున్నాను కదా, మాట ధారగా వచ్చింది. అవతల ఆయన మొహం మెత్తబడడం కనిపిస్తూనే ఉంది. పిల్లవాడు నా పక్కనే నిలబడ్డాడు.

మామ అడిగాడు, "ఇదంత నువ్వు ఆడ ఠాణాల చెప్పినవా కొడుకా?"

"చెప్పిన" అన్నాను.

"వాళ్ళు మంచిగ ఇన్నరా? నిన్ను కొట్టుడు తిట్టుడు ఏమన్న జేసిండ్రా?"

"లేదు. మంచిగనే ఇన్నరు. రెండుసార్లు అడిగిండ్రు."

ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "నువ్వు మంచోనివి బిడ్డా. దోస్తు కోసం దేశంగాని దేశంల నిలబడ్డవు. కని జెర ఆలోచించు. హాజరు రాసేటోడే స్వయంగ వచ్చి వీడు ఆడ లేడని చెప్పిండు. కొట్టలే, తిట్టలే, మంచిగ ఇన్నరు. ఇన్నంక గూడ వీన్ని పంపిచ్చిండ్రంటే, ఇంకేదో పక్కా దొరికే ఉంటది. నీకు తెల్వకుంట జేసిండేమో వీడు. నిప్పు లేంది పొగ రాదు గద?"

బెంచీ మీద ఉన్నవాళ్ళు అవునవునన్నారు.

ఒక్క మాట చాలు. నేను చెప్పలేదు, మామా. అంతే. నేను అక్కడ నోరు విప్పలేదు, అందుకే పంపించారు. మూడు ముక్కలు. ఆయన మొహం అప్పటికింకా నా మొహం మీదే ఉంది, కాదనమని బతిమాలుతున్నట్టుగానే చూస్తున్నాడు పాపం, మేనల్లుడు కదా. నేను చాయ్ తాగాను.

పిల్లవాడు నన్ను సైకిల్ మీద మా ఊరి దాకా దింపాడు. దిగాక నేను జేబులో చెయ్యి పెట్టి ఏదో వెతుక్కుంటూ నిలబడితే, వాడే అన్నాడు. "పోనీయే అన్నా. ఎవ్వలు నమ్మకున్నా నువ్వైతే చెప్పినవ్. నాకు గది చాలు."